ఆ బొమ్మలో స్టూలు లేదు

ఈసారి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు కాబట్టి సంగతి మాత్రం క్లుప్తంగా చెబుతాను. పెళ్లయి తొమ్మిదేళ్లు, నాలుగేళ్ల పాప. అత్తగారితో కలిసి, నలభై ఏళ్ల కిందట కట్టిన ఇంట్లో ఉంటున్నారు. వంటగది 7 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. పొడుగాటి గోడ వెంబడి ఒకటే గట్టు, ఎత్తు 30 అంగుళాలు. గట్టు చివర, బాత్రూం గోడకు ఆనుకుని సింకు. ఎదురుగా సిమెంటు అరలు. గుమ్మం పక్కన ఫ్రిజ్, దాని తలుపు తీస్తే లోపలున్న ఇద్దరిలో ఒకరు బయటికి రావాల్సిందే. పాఠకురాలి ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు, అత్తగారు 4 అడుగుల 10. తొమ్మిదేళ్లుగా ఆ గట్టు దగ్గర వంగి పనిచేసి ఈమెకు నడుం పట్టేస్తోంది.

ఇన్నాళ్లకు భర్త కదిలారు. వంటగదులు చేసిచ్చే ఒక సంస్థ మనిషిని పిలిపించారు. ఆయన పావుగంటలో కొలతలు తీసుకెళ్లి త్రీడీ బొమ్మ పంపారు. హాలుకీ వంటగదికీ మధ్య గోడ లేదు, సింకు కిటికీ కిందికి జరిగింది, అంతా తెల్లగా మెరిసిపోతోంది. "గోడ తీసేస్తే నువ్వు ఒక్కదానివే లోపల ఉండక్కర్లేదు కదా" అన్నారట భర్త. అత్తగారు ఆ బొమ్మ చూసి "నా స్టూలు ఎక్కడ వేసుకోవాలి?" అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఆ రాత్రి కొడుకుతో "నా తర్వాత మీ ఇష్టం వచ్చినట్టు చేసుకోండి" అన్నారు. అప్పటినుంచి రెండు వారాలుగా వంటింట్లో అవసరమైతే తప్ప మాటల్లేవు. అత్తగారిని ఎలా ఒప్పించాలి, గోడ తీయడం మంచిదేనా, నేను స్వార్థంగా ఆలోచిస్తున్నానా, ఇవీ మీ మూడు ప్రశ్నలు.

మూడిటికీ వస్తాను. అంతకంటే ముందు, మీరు మూడో పేజీ అడుగున ఇరికించి రాసిన ఒక వాక్యం ఉంది. "తడి చేత్తో ఫ్రిజ్ ముట్టుకుంటే సన్నగా జిల్లుమంటుంది, అలవాటైపోయింది." నడుం నొప్పికి ఒకటిన్నర పేజీ రాసి దీనికి ఒక్క వాక్యం రాశారు. అలవాటు పడాల్సిన విషయం కాదండీ ఇది. ఫ్రిజ్ ఒంటికి కరెంటు లీకవుతోంది, అది పోవడానికి సరైన ఎర్త్ లేదు, అందుకే మీ చేతిలోంచి దారి వెతుక్కుంటోంది. ప్లగ్గుకు మూడు పిన్నులు ఉన్నాయి కదా అనుకోకండి. పాత ఇళ్లలో సాకెట్టుకు పైన ఎర్త్ కన్నం ఉంటుంది, దాని వెనక తీగ మాత్రం ఉండదు. ఇవాళ జిల్లుమన్నది, తడి నేల మీద చెప్పుల్లేకుండా నిలబడి ముట్టుకున్న రోజున జిల్లుమని ఊరుకోకపోవచ్చు. పైగా ఇంట్లో పాప ఉంది.

కాబట్టి గోడ ఉంచాలా తీయాలా అన్న గొడవ తేలినా తేలకపోయినా, ఈ వారమే మంచి ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతను వచ్చేదాకా ఆ ఫ్రిజ్‌ను ఆ సాకెట్టులోంచి తీసేయండి. ఎర్త్ చూడమనండి, 30 మిల్లీఆంపుల ఆర్‌సీసీబీ పెట్టమనండి. లీకేజీ ఆ మోతాదుకు చేరితే అది క్షణంలో కరెంటు ఆపేస్తుంది. మిక్సీ, ఒవెన్ కలిపి వేస్తే ఫ్యూజు పోతోందని కూడా రాశారు. రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద నడుస్తున్నాయి, అదీ ఆపేయండి. ఎక్కువ లాగే వస్తువులకు వేరే లైను కావాలి. ఇది ఎటూ చేయించాల్సిన పనే, అత్తగారు కూడా వద్దనరు.

ఇప్పుడు గట్టు సంగతి. నిలబడి పనిచేసే గట్టు మన మోచేతి కంటే 4 నుంచి 6 అంగుళాలు కిందుండాలని ఒక లెక్క. మీ ఎత్తుకు మోచెయ్యి దాదాపు 41 అంగుళాల దగ్గర వస్తుంది, అంటే మీకు 36 అంగుళాల గట్టు కావాలి. అత్తగారికి మోచెయ్యి 36 దగ్గర, ఆవిడకు 31 సరిపోతుంది. స్టవ్వు దగ్గరైతే, స్టవ్వు ఎత్తూ గిన్నె ఎత్తూ కలుస్తాయి కాబట్టి ఇంకాస్త తక్కువున్నా హాయే. మీరు తొమ్మిదేళ్లుగా తిట్టుకుంటున్న 30 అంగుళాల గట్టు ఆవిడకు అచ్చంగా కుదిరిన గట్టు. ఎవరో కొలిచి కట్టించారో, కుదిరిపోయిందో తెలియదు. మీ నడుం నొప్పి నిజమే, ఆవిడకు ఆ గట్టు మీద మమకారమూ నిజమే. ఆ సంస్థవాళ్ల బొమ్మలో గట్టు ఎత్తు ఎంతో మీ ఉత్తరంలో లేదు, అడిగారా? 34 అని రాసి ఉంటే మీరిద్దరూ ఇబ్బంది పడతారు. మీరు అప్పటికీ కాస్త వంగాల్సిందే, ఆవిడ భుజాలు ఎగరేసి గరిటె తిప్పాలి.

నేనైతే గట్టును రెండు ఎత్తుల్లో ఆలోచిస్తాను. సింకు వైపు, తరుక్కునే చోటు 35, 36 అంగుళాలు. సింకులో చేతులు గట్టు కంటే ఇంకా కిందికి, అడుగుదాకా వెళ్లాలి కదా, అందుకని అటువైపు ఎత్తుగా ఉంటే నడుముకు సుఖం. స్టవ్వు వైపు ఇప్పుడున్న ఎత్తే, లేదా ఒక అంగుళం అటూఇటూ. మీ ఉత్తరాన్ని బట్టి తరగడం, కడగడం ఎక్కువగా మీ వంతు, పొయ్యి దగ్గర ఎక్కువగా ఆవిడ. ఇందులో ఒక చిక్కుంది, దాచను. రెండు గట్ల మధ్య మెట్టులా వస్తుంది, బరువైన గిన్నెను సింకు నుంచి స్టవ్వు దాకా జరుపుకుంటూ తీసుకెళ్లలేరు, ఎత్తి దించాలి. ఆ మెట్టు స్టవ్వుకు మరీ అంటుకుని రాకుండా, వేడి గిన్నె దించుకోవడానికి అటూఇటూ ఒక అడుగైనా చోటుండేలా చూసుకోవాలి. 8 అడుగుల్లో ఇది పడుతుంది. సుద్దముక్కతో నేల మీద, గోడ మీద గీసుకుని చూడండి.

ఇక గోడ. మీవారి ఉద్దేశం మంచిదే, భార్య లోపల ఒంటరిగా ఉండకూడదని. ఇంకో మాట కూడా అంటాను, ఆయన ఏమీ అనుకోకూడదు. ఒక వారం రోజులు రాత్రిపూట గిన్నెలు ఆయన్నే కడగమనండి. ఆ ఇరుకులో నిలబడి కడిగిన మనిషి గీయించే బొమ్మ వేరుగా ఉంటుంది, ఒంటరితనం కూడా గోడ కొట్టకుండానే కాస్త తగ్గుతుంది.

గోడ తీయొచ్చా లేదా అన్నది నేను గానీ ఆ సంస్థ మనిషి గానీ చెప్పలేం. పాత ఇళ్లలో చాలావాటికి స్తంభాలుండవు, శ్లాబు బరువంతా గోడలే మోస్తాయి. 9 అంగుళాల గోడ అయితే బరువు మోసేదే అనుకుని మొదలుపెట్టాలి. నాలుగున్నర అంగుళాలదైతే అడ్డుగోడ అయ్యే అవకాశం ఎక్కువ, అయినా మందం ఒక్కటే చూసి తేల్చకూడదు. పైన ఇంకో గోడ దాని మీదే లేచి ఉండొచ్చు. స్ట్రక్చరల్ ఇంజినీరు ఇంటికి వచ్చి చూసి, రాసి ఇవ్వాలి. బరువు మోసే గోడ అయితే దూలం వేయాలి, దాని ఖర్చూ దుమ్మూ వేరే లెక్క. తీయగలిగినా ఏం పోతుందో చూసుకోండి. వంటగదిలో అరలు కట్టుకునే గోడ ఒకటి తగ్గిపోతుంది, 56 చదరపు అడుగుల గదిలో అది చిన్న నష్టం కాదు. పొగ, ఘాటు, మిక్సీ మోత హాల్లోకి వస్తాయి. కడగని గిన్నెలు వచ్చినవాళ్లందరికీ కనపడతాయి. మీ అత్తగారి వయసువాళ్లకు ఇది చిన్న విషయం కాదని మీకు తెలుసు. మీకు కావలసింది వెలుతురు, హాల్లో పాప కనపడటం మాత్రమే అయితే గోడలో మూడు నాలుగు అడుగుల కిటికీలాంటిది తెరిపించినా సరిపోతుంది. దానికీ పైన బరువు మోసే లింటెల్ అనే చిన్న దూలం కావాలి, దానికీ ఇంజినీరును అడగాలి, కానీ గోడ ఉంటుంది.

సింకు జరపడం గురించి నా సొంత తెలివితక్కువ ఒకటి చెప్పుకోవాలి. మా పాత వంటగది బాగుచేయించినప్పుడు నేనూ సింకును కిటికీ కిందికి మార్పించాను. గిన్నెలు కడుగుతూ చెట్టు చూడొచ్చని ఆశ. వాడిన నీళ్ల గొట్టానికి అడుగుకు పావు అంగుళం చొప్పున వాలు ఉండాలి. 8 అడుగులు జరిపితే 2 అంగుళాలు, దానికి గొట్టం మందం అదనం. నేల అంత లోతు తవ్వడానికి మేస్త్రికి ఓపిక లేదు, "నీళ్లేగా, పోతాయిలెండి" అన్నాడు, నేను సరేనన్నాను. కొత్త టైల్స్ మీద కొన్నాళ్లు మురిసిపోయాను. ఆరు నెలలకు సింకులో నీళ్లు నిలవడం, తర్వాత వాసన. టైల్స్ పగలగొట్టించి మళ్లీ వేయించాను. రంగు దొరక్క ఆ వరస ఒక్కటి ఇప్పటికీ వేరుగా కనపడుతుంది. చెట్టు మాత్రం బాగానే ఉంది. మీ సింకును ఉన్నచోటే ఉంచమని నా సలహా. జరపాలనే ఉంటే వాలుకు లోతు దొరుకుతుందో లేదో ముందు ప్లంబరుతో కొలిపించండి. ఎలాగూ నేల తవ్వితే పాత ఇనప గొట్టాలు కూడా మార్పించేయండి. లోపల తుప్పు పేరుకుని కన్నం సన్నబడే, కుళాయి ధార తగ్గుతుంది.

సింకు వెనక గోడకు పెచ్చులూడి తెల్లగా ఉప్పు పడుతోందని రాశారు కదా. దాని మీద అల్మరాలు బిగించేస్తే కనపడదు, అంతే. లోపల చెక్క ఉబ్బుతుంది. చెమ్మ ఎక్కడిదో ముందు తెలుసుకోవాలి. తేలికైన పరీక్ష ఒకటుంది. రెండడుగుల ప్లాస్టిక్ షీటును ఆ గోడకు నాలుగు వైపులా టేపు వేసి గాలి చొరకుండా అంటించండి, ఒకటి రెండు రోజులు వదిలేయండి. షీటుకు గోడవైపు నీటిబొట్లు పడితే చెమ్మ గోడలోంచి వస్తోంది. బయటివైపు పడితే అది వంటగదిలో ఆవిరి, ఎగ్జాస్ట్ ఫ్యానుతో తీరే పని. గోడలోంచే అయితే అవతలి బాత్రూంలో గొట్టమో నేల అతుకులో కారుతూ ఉండొచ్చు, రిపేరు అక్కడ మొదలవ్వాలి. వంటగదికి పిలిచిన మనిషి బాత్రూం ఎందుకు చూడాలి అని ఆ సంస్థవాళ్లు అనొచ్చు. అన్నవాళ్లకు పని ఇవ్వకండి.

స్టూలు దగ్గరికి వద్దాం. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవిడ బొమ్మ చూసి "వద్దు" అనలేదు, "పాత గట్టే కావాలి" అనలేదు. స్టూలు ఎక్కడ వేసుకోవాలి అని అడిగారు. గుమ్మం పక్కన, ఫ్రిజ్‌కూ అరలకూ మధ్య అడుగుంపావు జాగాలో వేసుకుని కూర్చుంటారని మీరే రాశారు. మోకాళ్లు నొప్పులు, ఎక్కువసేపు నిలబడలేరు. కూర్చున్నచోటు నుంచే స్టవ్వు మీద ఏముందో చూస్తారు, పాపతో మాట్లాడతారు, మీకు ఏదో ఒకటి అందిస్తారు. బొమ్మలో ఆ చోట పొడుగాటి అల్మరా వచ్చింది. ఆవిడకు అర్థమైంది ఒక్కటే, కొత్త వంటగదిలో తను లేదని. "నా తర్వాత" అన్న మాట అందులోంచి వచ్చింది. జవాబు రాని ప్రశ్న రాత్రికి అలా మారింది.

ఇక్కడ ఒక పాత కథ గుర్తొస్తోంది. ఇప్పుడు మనం మాడ్యులర్ వంటగది అంటున్న పద్ధతికి తల్లివేరు 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్‌లో ఉంది. మార్గరెటె షూటె లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు అక్కడ కొత్తగా కడుతున్న ఇళ్ల కోసం 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవుతో ఒక వంటగది గీశారు. మీదానికంటే కొంచెమే పెద్దది. రైల్లో భోజనాల బోగీకి వండే ఇరుకు వంటగదుల్ని చూసి, అడుగులు తగ్గేలా ప్రతిదీ చేతికందే దూరంలో పెట్టారు. సుమారు 10,000 ఇళ్లలో అమర్చారు. అప్పటికి తనకు వంట చేయడమే రాదని ఆవిడే తర్వాత చెప్పుకున్నారు, అది వేరే సంగతి. ఎంతో తెలివైన గీత, కానీ అది ఒక్క మనిషి కోసం గీసింది. రెండో మనిషికి చోటు లేదన్న విమర్శ తర్వాత్తర్వాత వచ్చింది. మీకు వచ్చిన తెల్లటి బొమ్మలోనూ అదే లోపం. మీ ఇంట్లో వంటగదిలో ఎప్పుడూ ఇద్దరుంటారు, ఒకరు కూర్చుని.

కాబట్టి "అత్తగారిని ఎలా ఒప్పించాలి" అన్న ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఆవిడ ప్రశ్నకు కొలతలతో జవాబు చెప్పండి. గట్టు కింద రెండడుగుల మేర అల్మరా కట్టకుండా ఖాళీగా వదిలితే స్టూలు లోపలికి తోసేయొచ్చు, కావాల్సినప్పుడు లాక్కుని మోకాళ్లు లోపల పెట్టి కూర్చోవచ్చు. అక్కడే 27, 28 అంగుళాల ఎత్తులో సొరుగులా బయటికి లాగే పలక ఒకటి పెట్టిస్తే కూర్చుని పని చేసుకోవచ్చు. ఎదుటి గోడకు రెండో గట్టు మాత్రం వద్దు. రెండువైపులా రెండేసి అడుగులు పోతే మధ్యలో మిగిలేది మూడడుగులే, స్టూలు వేస్తే మీరు దాటలేరు. అటు గోడకు అడుగు లోతు అరలు చాలు. ఫ్రిజ్‌కు తలుపు తెరుచుకునే వైపు మార్చుకునే వీలుందేమో కూడా కనుక్కోండి, కొన్ని మోడళ్లకు ఉంటుంది.

మీరు రాసిన ఇంకో విషయం నాకు బాగా నచ్చింది. కరెంటు పోయినప్పుడు ఆవిడ చీకట్లో చెయ్యి చాపి సరిగ్గా కావలసిన డబ్బానే తీస్తారట, మీరు టార్చి వెతుక్కునేలోపు. ముప్పై, నలభై ఏళ్ల లెక్క ఆ చేతిలో ఉంది. ఏ సంస్థ మనిషీ పావుగంటలో కొలవగలిగింది కాదు. అరలు పీకించేముందు ఆవిడ పక్కన కూర్చుని ఏది ఎక్కడ ఉండాలో చెప్పించుకుని రాసుకోండి. అరలన్నీ ఫొటో తీసిపెట్టుకోండి. రోజూ వాడేవి ఆవిడ మోకాలికి పైన, కంటికి దిగువన రావాలి, తలుపుల అల్మరాల కంటే కింద సొరుగులు మేలు, వంగి తల లోపల పెట్టక్కర్లేదు. అటక మీద ఏడాదికోసారి తీసేవి మాత్రమే.

మీ ముందు మూడు దారులున్నాయి. ఒకటి, కరెంటు, చెమ్మ రిపేర్లు చేయించి, గట్టు మీద మీరు తరుక్కునే చోట ఐదారు అంగుళాల ఎత్తున్న గట్టి చెక్కపీట వేసుకుని, నెత్తిమీది లైటు కాకుండా గట్టు పైన ఒక లైటు పెట్టించుకోవడం. నాలుగైదు రోజుల పని. నడుం కొంత సర్దుకుంటుంది, ఇరుకు అలాగే ఉంటుంది. అత్తగారితో మాటలు మళ్లీ మొదలవడానికి సమయం దొరుకుతుంది. రెండోది, నాకు మొగ్గు ఉన్నది, సింకు, స్టవ్వు ఉన్నచోటే ఉంచి గట్టు, గొట్టాలు, వైర్లు, అరలు కొత్తగా చేయించుకోవడం. అన్నీ సజావుగా సాగితే నాలుగు వారాలు, పాత ఇల్లు కనక ఆరు అనుకోండి, అనుకున్న ఖర్చుకు ఐదో వంతు అదనంగా పక్కన పెట్టుకోండి. గోడ తవ్వితే ఏం బయటపడుతుందో ఎవరూ ముందు చెప్పలేరు. మూడోది గోడ తీసేయడం. ఇంజినీరు సరేనంటే చేసుకోవచ్చు, కానీ అత్తగారి మౌనం ఇలా ఉండగా ఆ గోడ కొడితే అది గోడతో ఆగదని నాకు అనిపిస్తోంది. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉంటున్న ఇంట్లో వంటగది పగలగొట్టి చూడమని ఎందుకో అనలేదు.

రెండోది గానీ మూడోది గానీ ఎంచుకుంటే, ఆ నాలుగు నుంచి ఆరు వారాలు వంట ఎక్కడ చేస్తారో ముందే తేల్చుకోండి. వరండాలో నీళ్ల కుళాయికి దగ్గరగా ఒక బల్ల, గాలి ఆడే చోట స్టవ్వు, పక్కన ఆవిడ స్టూలు. గోడ గీకేటప్పుడు పొడిగా గీకించకండి, పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఉంది, ఆ దుమ్ము పిల్లలకు మంచిది కాదు. తడిపి గీకమనండి, ఆ పూటకు పాపను వేరే చోటికి పంపండి.

స్వార్థమా అని అడిగారు. తొమ్మిదేళ్లు ఒకరి ఎత్తుకు కట్టిన గట్టు దగ్గర వంగి పనిచేసిన మనిషి ఆ ప్రశ్న అడగక్కర్లేదు. నడుం నొప్పి అత్తగారికి ఎప్పుడైనా నోరు విప్పి చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా కనపడలేదు. భర్తకు చెప్పారు, నాకు చెప్పారు. గట్టు మీకు పొట్టిగా ఉందన్న సంగతి, ఆ గట్టు సరిగ్గా సరిపోయినావిడకు ఎలా తెలుస్తుంది?

ఎలక్ట్రీషియన్ వచ్చివెళ్లాక, ఓ సాయంత్రం టేపూ పెన్సిలూ పట్టుకుని వంటగదిలోకి వెళ్లండి. ముందు మీరు గోడకు నిలబడి మోచెయ్యి మడిచి, ఆ ఎత్తున గీత గీయమని అత్తగారిని అడగండి. తర్వాత ఆవిడను నిలబెట్టి మీరు గీయండి. రెండు గీతల మధ్య ఐదు అంగుళాలు తేడా వస్తుంది. ఆ సంస్థ మనిషి మళ్లీ వచ్చినప్పుడు ముందు ఆ గోడ చూపించండి.